ఎంఆర్ ఫ్లూయిడ్ అడుగున గడ్డకడితే నానో పొడి ఏది, ఎంత వేయాలి?

ఎంఆర్ (మాగ్నెటోరియలాజికల్) ఫ్లూయిడ్ అంటే ఇనుప పొడి కలిపిన, అయస్కాంత క్షేత్రం పెడితే గట్టిపడే నూనె. మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డ్యాంపర్ (కుదుపులను అణిచే పరికరం) ప్రాజెక్టు కోసం 350 సెంటీస్టోక్స్ చిక్కదనమున్న సిలికాన్ ఆయిల్‌లో 5 మైక్రాన్ల కార్బొనైల్ ఐరన్ (గుండ్రని, శుద్ధమైన ఇనుప రేణువుల) పొడి 30 శాతం కలిపారు. తెల్లారేసరికి పైన సెంటీమీటరు మేర తేట తేరింది. వారానికల్లా అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచినా కదలని గడ్డ తయారైంది. నానో మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్) 5 శాతం వేస్తే నిలుస్తుందా, లేక ఫ్యూమ్డ్ సిలికా (అతి సన్నని సిలికా పొడి) మేలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రధానంగా పని చేసేది ఫ్యూమ్డ్ సిలికా. నూనె బరువులో 1.5 నుంచి 2 శాతం చాలు. మాగ్నెటైట్ వేయాలనుకుంటే ఇనుము బరువులో అర శాతం వేయండి, 5 శాతం శుద్ధ దండగ. సిలికాన్ ఆయిల్ బదులు పీఏఓ (పాలీఆల్ఫాఓలెఫిన్ అనే సింథటిక్) నూనెకు మారండి, కారణం కింద ఉంది. ఇంకొకటి, "అసలు తేట తేరకూడదు" అనేదాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. నెల రోజులు కదపకుండా ఉంచాక కొన్నిసార్లు తిరగేస్తే మళ్లీ పూర్తిగా కలిసిపోవాలి. డ్యాంపర్‌కు కావలసింది అదే. తేట ఒక్క చుక్క కూడా తేరని ఫ్లూయిడ్ చాలాసార్లు సిరంజిలోకి కూడా ఎక్కని పేస్టు అయి ఉంటుంది.

సంకలితాల సంగతికి వెళ్లేముందు మీ 30 శాతం బరువులోనా, ఘనపరిమాణంలోనా చూసుకోండి. ఇనుము సాంద్రత 7.86, సిలికాన్ ఆయిల్‌ది 0.97. బరువులో 30 శాతం వేస్తే ఘనపరిమాణంలో అది 5 శాతమే. పేపర్లలో 25, 30 శాతం అని రాసేది ఎక్కువగా ఘనపరిమాణం. అంటే బరువులో దాదాపు 73 నుంచి 78 శాతం ఇనుము. మీ గాజు సిలిండర్‌లో రాత్రికి సెంటీమీటరు తేట వచ్చిందంటే నాకు 5 శాతం అనే అనుమానం. లెక్క కూడా అలాగే వస్తోంది. 5 మైక్రాన్ల ఒంటరి గుండు 350 నూనెలో స్టోక్స్ సూత్రం ప్రకారం రోజుకు 24 మిల్లీమీటర్లు దిగుతుంది. చుట్టూ ఉన్న రేణువుల అడ్డంకి కలిపి చూస్తే 5 శాతం దగ్గర అది 19, అదే 25 శాతం దగ్గర 6 మిల్లీమీటర్లే. రేణువులు కిక్కిరిసి ఉంటే పైకి రావలసిన నూనెకు దారి ఇరుకవుతుంది. కాబట్టి ఏ పొడీ వేయకముందే ఇనుము సరిగా తూచి వేస్తే సెట్లింగ్ మూడో వంతుకు పడిపోతుంది. మీ డ్యాంపర్‌కు బలం కూడా అప్పుడే వస్తుంది.

ఇక చిక్కదనం. చాలామంది 350 నూనె తీసేసి 1000 పోస్తారు. దిగే వేగం మూడు రెట్లు తగ్గుతుంది, అంతే. వారంలో కట్టే గడ్డ మూడు వారాల్లో కడుతుంది. పైగా కరెంటు ఆపినప్పుడు కూడా డ్యాంపర్ మొద్దుగా ఉంటుంది. చిక్కదనం ఆలస్యం చేస్తుంది, ఆపలేదు. ఆపగలిగేది యీల్డ్ స్ట్రెస్ (ద్రవం కదలడం మొదలవడానికి కావలసిన కనీస ఒత్తిడి) ఒక్కటే. 5 మైక్రాన్ల ఇనుప గుండును పడిపోకుండా నిలబెట్టడానికి నూనెకు కావలసిన యీల్డ్ స్ట్రెస్ లెక్క కడితే సుమారు 0.016 పాస్కల్ వస్తుంది. నమ్మలేనంత తక్కువ. నిజంలో రేణువులు గుంపులుగా దిగుతాయి, వేడికి జెల్ బలహీనపడుతుంది, రవాణాలో కుదుపులుంటాయి కాబట్టి 2 నుంచి 10 పాస్కల్ పెట్టుకుంటాం. అయస్కాంత క్షేత్రంలో ఇదే ఫ్లూయిడ్ పదుల కిలోపాస్కల్స్ ఇస్తుంది. దాని పక్కన ఈ 10 పాస్కల్ లెక్కలోకే రాదు.

ఫ్యూమ్డ్ సిలికా చేసేది ఇదే. ఏరోసిల్ 200 రకంలో ప్రాథమిక రేణువు సుమారు 12 నానోమీటర్లు, గ్రాముకు 200 చదరపు మీటర్ల ఉపరితలం. ఈ రేణువులు గొలుసులుగా అతుక్కుని ఉంటాయి. ఉపరితలం మీది సిలనాల్ (సిలికాన్‌కు అంటిన ఓహెచ్) గుంపులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని నూనె అంతటా వల అల్లుతాయి. నూనె పెరుగులా తోడుకుంటుందన్నమాట, కాకపోతే కదిపితే విరిగి, వదిలేస్తే మళ్లీ తోడుకుంటుంది. పిస్టన్ కదిలినప్పుడు పలచగా, ఆగినప్పుడు గట్టిగా ఉండటం మనకు సరిగ్గా కావలసిన గుణం.

ఏ గ్రేడ్ అనేది నూనెను బట్టి. పీఏఓ, మినరల్ ఆయిల్ వంటి ధ్రువత లేని నూనెల్లో మామూలు హైడ్రోఫిలిక్ గ్రేడ్ బాగా తోడుకుంటుంది. గ్లైకాల్ వంటి ధ్రువ ద్రవంలో ఆ ద్రవమే సిలనాల్ గుంపులను ఆక్రమించి వల అల్లుకోనివ్వదు. అక్కడ ఆర్ 974 లాంటి హైడ్రోఫోబిక్ గ్రేడ్ చూడాలి. సిలికాన్ ఆయిల్‌లో నూనె గొలుసులే నెమ్మదిగా సిలికాకు అతుక్కుంటాయి. చేసిన రోజు ఉన్న జెల్ బలం నెల తర్వాత అలాగే ఉండకపోవచ్చు, నిలవ ఉంచి కొలిస్తే తప్ప తెలియదు. కాకినాడ, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో మూత తీసిన సిలికా సంచి వానాకాలంలో తేమ లాగేస్తుంది. అదే రెసిపీ మేలో ఒకలా, ఆగస్టులో ఇంకోలా రావడానికి సగం కారణం ఇదే. 105 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి.

అయితే గడ్డ ఎందుకు కడుతుంది? దిగడం ఒక సమస్య, గట్టిపడటం వేరే సమస్య. ఇనుప రేణువులు అడుగున ఒకదానికొకటి నేరుగా తగిలితే వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణ వాటిని పట్టేస్తుంది. ఒకసారి అయస్కాంత క్షేత్రం చూసిన ఫ్లూయిడ్‌లో మిగిలిపోయిన అయస్కాంతత్వం దానికి తోడవుతుంది. పైనున్న బరువు నొక్కుతుంది. దీనికి మందు ఇనుముకు ఇనుము తగలకుండా మధ్యలో ఏదో ఒకటి ఉంచడం. ఓలీక్ యాసిడ్ (రేణువుల మీద అంటుకునే కొవ్వు ఆమ్లం, ఇక్కడ ఇదే సర్ఫాక్టెంట్) పొర ఒక మార్గం. ఇనుము చుట్టూ చేరే నానో మాగ్నెటైట్ రేణువులు ఇంకో మార్గం. స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయం వాళ్లు మైక్రాన్ ఇనుమును మామూలు నూనెలో కాక మాగ్నెటైట్ ఫెర్రోఫ్లూయిడ్‌లో (నానో మాగ్నెటైట్ తేలుతుండే నూనెలో) వేసి చూసింది ఈ ఆలోచనతోనే. 10 నానోమీటర్ల మాగ్నెటైట్ తనకు తానుగా అడుగుకు దిగదు, ఉష్ణ చలనమే దాన్ని తేలుస్తుంది. పెద్ద ఇనుప రేణువు చుట్టూ మబ్బులా చేరి పక్క రేణువును దూరం ఉంచుతుంది.

ఎంత కావాలో లెక్క వేయండి, ఎవరూ వేయరు. 5 మైక్రాన్ల ఇనుప గుండు మీద 10 నానోమీటర్ల మాగ్నెటైట్‌ను ఒక వరుస పూర్తిగా పరవాలంటే ఇనుము బరువులో 0.5 శాతం సరిపోతుంది. 5 శాతం వేస్తే పది వరుసలు పడవు. మిగిలిందంతా నూనెలో తేలుతూ చిక్కదనం పెంచుతుంది. ఇనుము తగ్గించి ఆ స్థానంలో మాగ్నెటైట్ వేస్తే ఇంకా నష్టం. కొద్ది మొత్తం నానో పొడి యీల్డ్ స్ట్రెస్‌ను కాస్త పెంచవచ్చు గానీ ఎక్కువైతే తగ్గిస్తుంది. ఇంత చిన్న మాగ్నెటైట్‌కు సొంతంగా గట్టి గొలుసులు కట్టే శక్తి లేదు, దాని అయస్కాంతత్వమూ ఇనుముతో పోలిస్తే మూడో వంతే.

ఓలీక్ యాసిడ్ దగ్గర కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. 5 మైక్రాన్ల ఇనుముకు గ్రాముకు 0.15 చదరపు మీటరు ఉపరితలం. ఒక పొరకు గ్రాముకు 0.3 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం ఓలీక్ యాసిడ్ చాలు. పేపర్లలో 1, 2 శాతం అని చూసి అలాగే పోస్తారు. మిగిలిందంతా ఎక్కడికి పోతుంది? 100 మిల్లీలీటర్ల ఫ్లూయిడ్‌లో 197 గ్రాముల ఇనుముంటే దాని మొత్తం ఉపరితలం 30 చదరపు మీటర్లు. అదే పాత్రలోని 1.25 గ్రాముల సిలికాది 250. ఒక్క గ్రాము మాగ్నెటైట్‌ది 116. అదనపు ఓలీక్ యాసిడ్ సిలికా మీదికెక్కి సిలనాల్ గుంపులను మూసేస్తుంది, వల తెగిపోతుంది. "సిలికా వేశాను, సర్ఫాక్టెంట్ కూడా వేశాను, ఇంకా త్వరగా దిగుతోంది" అనే ఫిర్యాదు వెనక దాదాపు ఎప్పుడూ ఇదే ఉంటుంది. సిలికాన్ ఆయిల్‌లో ఇంకో ఇబ్బంది, ఓలీక్ యాసిడ్ అందులో సరిగా కరగదు. నేను పీఏఓ అన్నది అందుకే.

100 మిల్లీలీటర్లకు, 25 ఘనపరిమాణ శాతానికి రెసిపీ:

పీఏఓ 6 నూనె 62 గ్రాములు, కార్బొనైల్ ఐరన్ 196.5 గ్రాములు, ఓలీక్ యాసిడ్ 0.2 గ్రాములు (పై లెక్క ప్రకారం 0.06 చాలు, కొంత ఎక్కువ పెట్టాను), హైడ్రోఫిలిక్ ఫ్యూమ్డ్ సిలికా 1.25 గ్రాములు, ఇష్టమైతే ఓలీక్ పూత ఉన్న మాగ్నెటైట్ 1 గ్రాము. పూత లేని మాగ్నెటైట్ కొంటే దానికే విడిగా 0.2 గ్రాముల ఓలీక్ యాసిడ్ పడుతుంది, ఇనుము వాటాలోంచి లాక్కోనివ్వకండి. మొత్తం సాంద్రత 2.6 దగ్గర రావాలి. సిలికాను మొదటిసారే 1.25 అని ఖాయం చేసుకోకుండా నూనె బరువులో 1, 1.5, 2, 2.5 శాతాలతో నాలుగు చిన్న సీసాలు చేసి చూడండి. బ్యాచ్‌ను బట్టి, తేమను బట్టి తేడా వస్తుంది.

కలిపే వరుస రెసిపీ కన్నా ముఖ్యం. నూనెను రెండు సగాలు చేయండి.

మొదటి సగంలో ఓలీక్ యాసిడ్ కరిగించి, ఇనుము కొద్దికొద్దిగా వేస్తూ 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఓవర్‌హెడ్ స్టిరర్‌తో తిప్పండి. ఇలా చేస్తే సిలికా కంట పడకముందే యాసిడ్ ఇనుము మీద కూర్చుంటుంది. మాగ్నెటిక్ స్టిరర్ పెట్టకండి. చెప్పక్కర్లేని మాటే గానీ ప్రతి బ్యాచ్ విద్యార్థుల్లో ఒకరు పెడతారు, ఇనుమంతా బార్‌కు అంటుకుని ముళ్లపంది తయారవుతుంది.

రెండో సగంలో ముందు మాగ్నెటైట్. ప్రోబ్ సోనికేటర్‌తో, పాత్రను ఐస్ నీళ్లలో ఉంచి, రెండు సెకన్లు ఆన్ రెండు సెకన్లు ఆఫ్ చొప్పున 15 నిమిషాలు. తర్వాత సోనికేటర్ తీసేసి సిలికా వేయండి. సిలికాకు కావలసింది పళ్ల డిస్క్ ఉన్న హై స్పీడ్ డిస్పర్సర్. డిస్క్ అంచు వేగం సెకనుకు 8 నుంచి 10 మీటర్లు ఉండాలి. 40 మిల్లీమీటర్ల డిస్క్ అయితే అది సుమారు 3800 నుంచి 4800 ఆర్‌పీఎం. 10 నిమిషాలు చాలు. మామూలు ప్యాడిల్‌తో తిప్పితే సిలికా ఉండలుగా మిగిలి సగం బలమే ఇస్తుంది, అప్పుడు సరిపోలేదని ఇంకా వేస్తారు, రెండు రోజులకు అది పేస్టవుతుంది. మరీ ఎక్కువ సేపు కొట్టినా గొలుసులు తెగి బలం తగ్గుతుంది.

ఇప్పుడు రెండు సగాలూ కలిపి 500 నుంచి 800 ఆర్‌పీఎం దగ్గర రెండు గంటలు. ఇనుము పడ్డాక రోటర్‌స్టేటర్, బాల్ మిల్ దగ్గరికి పోవద్దు. మెత్తని గ్రేడ్ ఇనుప గుండ్లు చదునవుతాయి, స్టేటర్ అరుగుతుంది. చివర్లో వాక్యూమ్‌లో అరగంట గాలి తీయండి. జెల్‌లో చిక్కుకున్న గాలి బుడగ దానంతట అది బయటికి రాదు, డ్యాంపర్‌లో గ్రాఫ్ మొదట్లో ఖాళీ స్ట్రోక్‌లా కనబడేది ఆ బుడగే.

పరీక్షలు. రియోమీటర్ లేకపోయినా యీల్డ్ స్ట్రెస్ అంచనా వేయవచ్చు. గాజు పలక మీద 1 మిల్లీమీటరు మందంతో ఫ్లూయిడ్ పరిచి, పది నిమిషాలు బల్లపరుపుగా వదిలి, నెమ్మదిగా ఒక పక్క ఎత్తండి. 5 డిగ్రీల దగ్గర జారితే సుమారు 2 పాస్కల్, 25 డిగ్రీల దగ్గర జారితే సుమారు 11. ఈ రెంటి మధ్యలో ఉంటే మంచిది. 5 డిగ్రీల లోపే జారితే సిలికా పెంచండి, 30 దాటినా జారకపోతే తగ్గించండి.

సెట్లింగ్ కోసం 20 మిల్లీమీటర్ల కన్నా వెడల్పైన సిలిండర్ వాడండి, సన్నని గొట్టంలో గోడలు రేణువులను పట్టి ఉంచి మంచి ఫలితాన్ని అబద్ధంగా చూపిస్తాయి. మాగ్నెటైట్ వేసిన ఫ్లూయిడ్‌లో తేట కూడా నల్లగానే ఉంటుంది కాబట్టి గీత కనబడదు. "నానో వేశాక అస్సలు తేట తేరలేదు" అనే ఫొటోలు కొన్నింటి రహస్యం అదే. సిలిండర్ చుట్టూ చిన్న రాగి తీగ కాయిల్ చుట్టి, ఎల్‌సీఆర్ మీటర్‌తో ఎత్తు ఎత్తునా ఇండక్టెన్స్ కొలవండి, ఇనుము ఎక్కడుందో అదే చెబుతుంది. సెంట్రిఫ్యూజ్‌తో తొందరపడకండి. 100 జీ (గురుత్వాకర్షణకు వంద రెట్లు) దగ్గర ఆ 0.016 పాస్కల్ కాస్తా 1.6 అవుతుంది. అల్మారాలో ఏళ్లు నిలిచే జెల్ అక్కడ విరిగిపోవచ్చు. రెండు ఫ్లూయిడ్‌లను పోల్చడానికి పనికొస్తుందేమో గానీ ఆయుష్షు చెప్పడానికి పనికిరాదు.

30 రోజుల తర్వాత అసలు పరీక్ష. 4 మిల్లీమీటర్ల గాజు కడ్డీని దించి స్వల్పంగా నొక్కగానే అడుగు తాకాలి. తర్వాత సీసాను 20 సార్లు తలకిందులు చేసి, పైనుంచి 5 మిల్లీలీటర్లు, అడుగు నుంచి 5 మిల్లీలీటర్లు సిరంజితో తీసి తూచండి. రెండూ 13 గ్రాముల దగ్గర, 0.3 గ్రాముల తేడా లోపల ఉంటే మీ ఫ్లూయిడ్ పాసయింది. పరీక్షకు ముందు ఫ్లూయిడ్ అయస్కాంతం చూసి ఉంటే, దిశ మారుతూ క్రమంగా తగ్గే క్షేత్రంతో డీమాగ్నెటైజ్ చేశాకే సిలిండర్‌లో పోయండి. మిగిలిన గొలుసులు చాలా వేగంగా దిగుతాయి.

ఇంత పట్టింపు మీ వాడకానికి అవసరమా అంటే, అది డ్యాంపర్ ఎంత కాలం కదలకుండా ఉంటుందన్న దాన్ని బట్టి. 2002లో క్యాడిలాక్ సెవిల్‌లో వచ్చిన మాగ్నరైడ్ లాంటి కారు డ్యాంపర్ రోజూ కదులుతుంది, పిస్టనే కలుపుకుంటుంది. కొద్దిగా మెత్తగా దిగినా నాలుగు గుంతలు దాటేసరికి సర్దుకుంటుంది. 2001లో టోక్యోలోని మిరాయికాన్ సైన్స్ మ్యూజియం భవనంలో పెట్టిన 30 టన్నుల డ్యాంపర్ల లాంటివి భూకంపం వచ్చేదాకా నెలల తరబడి ఊరికే ఉంటాయి, వచ్చిన మొదటి సెకన్లలోనే పని చేయాలి. మీది భూకంప నమూనా అయితే సిలికాను పై అంచుకు, 2 నుంచి 2.5 శాతానికి తీసుకెళ్లండి. వాహనం అయితే 1 నుంచి 1.5 చాలు, కరెంటు లేనప్పటి మెత్తదనం అక్కడ ఎక్కువ విలువైనది.

ఎక్కువకాలం నడిపే ఉద్దేశముంటే ఇంకో సంగతి. వాడే కొద్దీ ఫ్లూయిడ్ దానంతట అదే చిక్కబడుతుంది. ఎంఆర్ ఫ్లూయిడ్‌లు తయారుచేసిన లార్డ్ కంపెనీలో పనిచేసిన డేవిడ్ కార్ల్‌సన్ దీని గురించి వివరంగా రాశారు. ఇనుప రేణువుల పైపొర పెళుసుగా ఉండి, ఒత్తిడికి పొట్టులా రాలి నానో సైజు ముక్కలవుతుంది. ఉపరితలం అమాంతం పెరిగి నూనెంతా వాటికి అంటుకుపోతుంది, చివరికి పిస్టన్ కదలని ముద్ద మిగులుతుంది. అంటే ఫ్లూయిడ్ తన నానో పొడిని తానే తయారు చేసుకుంటుంది. మొదటి రోజే అంచుదాకా నానో నింపేస్తే ఈ పొట్టుకు చోటుండదు. తక్కువ వేయమని ఇన్నిసార్లు చెప్పడానికి ఇదొక కారణం. ఆక్సీకరణ తగ్గించడానికి నూనెలో 0.5 శాతం బీహెచ్‌టీ లాంటి యాంటీఆక్సిడెంట్ వేయండి, సీసాను నిండా నింపి మూత బిగించండి.

కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ ఆక్సైడ్, ఇనుప నానోతీగలు పనిచేస్తాయి. తీగలైతే సెట్లింగ్‌ను బాగా అడ్డుకుంటాయి, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్ల పని చూడండి. కానీ లీటరు ఫ్లూయిడ్‌కు సరిపడా కొనే ఖర్చుకు మీ ప్రాజెక్టు బడ్జెట్ చాలదు, వాటిని ఉండలు లేకుండా చెదరగొట్టడమే ఒక థీసిస్. ఆర్గానోక్లే (నూనెలో కలిసేలా మార్చిన బంకమన్ను) మాత్రం చవకైన, వేడికి తట్టుకునే ప్రత్యామ్నాయం. నూనెలో 2, 3 శాతం వేసి, క్లే బరువులో మూడో వంతు దాకా ప్రొపిలీన్ కార్బొనేట్ చేర్చితే తోడుకుంటుంది. అది వేయడం మరిచిపోతే క్లే ఊరికే మట్టిలా అడుగున కూర్చుంటుంది. సిలికా, క్లే రెండూ ఒకే దాంట్లో వేయకండి, ఏది ఏం చేస్తోందో తేల్చుకోలేరు.

పొడులు తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి, సిలికా గాలిలో చాలాసేపు తేలుతుంది. నానో ఐరన్ అని అమ్మే లోహపు పొడి జోలికి వెళ్లవద్దు, గాలి తగిలితే తనంతట తానే అంటుకోగలదు. మాగ్నెటైట్‌కు ఆ భయం లేదు.

పీఏఓకు మారేముందు మీ డ్యాంపర్ సీల్స్ ఏ రబ్బరో చూడండి. నైట్రైల్, వైటాన్ అయితే సరే. ఈపీడీఎం గానీ సిలికాన్ రబ్బర్ గానీ అయితే పీఏఓలో ఉబ్బిపోయి పిస్టన్ రాడ్‌ను పట్టేస్తాయి, ముందు అవి మార్చాలి. కాయిల్ గ్యాప్ ఎంతో, స్ట్రోక్ ఎంతో కూడా రాస్తే సిలికా శాతం ఇంకా దగ్గరగా చెప్పగలను.